కలుగు ఎవరిదో తేలాకే మందు మాట: ఇందుకూరుపేట వైపు ఒక పెరటి తోట కేసు

నెల్లూరుకు తూర్పున, ఇందుకూరుపేట మండలంలో 40 సెంట్ల స్థలం. ఇల్లు పోను మిగిలిందంతా తోటే. కొబ్బరి, నిమ్మ, మునగ, ఒక మామిడి, ఒక పాత వేప, మల్లెపొదలు, కాయగూరల మళ్ళు, ఓ మూల కోళ్ళ గూడు. నేల ఇసుక కలిసిన గరప. పడమటి కంచె దాటితే పిల్లకాలువ, కాలువ దాటితే వరి. ఇంట్లో ఉండేది రిటైరైన హైస్కూల్ మాస్టారు, ఆయన భార్య. సొంత పొలం వడ్లు ఆడించి బియ్యం బస్తాలు స్టోరు గదిలోనే పెట్టుకుంటారు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెరటి తోటలకు, చిన్న పండ్లతోటలకు సస్యరక్షణ సలహాలు ఇవ్వడం నా పని. మార్చి ఆఖర్లో, వరి కోతలు జోరుగా సాగుతున్నప్పుడు వీళ్ళు నన్ను పిలిచారు. ఆ వేళకు అర్థం ఉంది. పెన్నా డెల్టాలో నవంబరు, డిసెంబరుల్లో నాటిన వరి మార్చి, ఏప్రిల్‌లో కోతకొస్తుంది. అన్ని నెలలు తిండీ నీడా ఇచ్చిన పైరు ఒక్క వారంలో మాయమైపోతే పొలంలోని ఎలుకలన్నీ దగ్గర్లో పచ్చగా ఏది కనబడితే అటు నడుస్తాయి. ఈ ఇంటి పడమటి కంచె వాటికి మొదటి మజిలీ.

వాళ్ళు చెప్పిన కష్టాలు ఇవి. మళ్ళలో వేసిన వేరుశనగ, దోస గింజలు మొలవకముందే పోతున్నాయి. కొబ్బరి పిందెలు చిల్లుపడి రాలుతున్నాయి. స్టోరులో బస్తా కొరికేసి ఉంది. ఉత్తరం ప్రహరీ కింద మట్టి కుప్పలు లేచి, గోడకు ఒకచోట నెర్రె పడింది. అన్నిటికీ కలిపి వాళ్ళు పెట్టిన పేరు ఒక్కటే, ఎలుకలు.

"ఎలుకలుంటే పాములొస్తాయి నాయనా. వేసవి సెలవలకు మనవడొస్తుండాడు. వాడు ఇరవై నాలుగ్గంటలూ తోటలోనే. మందు పెట్టి ఒక్కసారిగా శుభ్రం చేయించు" అన్నారు ఆమె.

మాస్టారి మాట వేరు. "పొలం పక్కన ఇల్లు కట్టుకోని ఎలుకలు రాకూడదంటే ఎట్టా? చంపకుండా పోయేదారి ఏదన్నా ఉందేమో చూడండి."

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అంగడి నుంచి తెచ్చిన కేకు మందు పొట్లాలు అప్పటికే వసారాలో ఉన్నాయి. వాటిని తెరవొద్దని, కలుగులు ఎవరివో తేలేదాకా ఓపిక పట్టమని అడిగాను.

కలుగు చదవడం

మన వ్యవసాయ శాఖ వాళ్ళు పొలాల్లో చేయించే పద్ధతే ఇక్కడా చేశాం. సాయంత్రం తోటలో కనబడిన ప్రతి కలుగునూ తడిమట్టితో మూసేశాం. గోడల వెంబడి, గూడు చుట్టూ, స్టోరు గుమ్మంలో ముగ్గుపిండి పలచగా చల్లాం. తెల్లారి ఏ కలుగులు తెరుచుకున్నాయో అవే బతికున్నవి. మిగతావి ఎప్పుడో వదిలేసిన ఇళ్ళు. మందు పెట్టడానికి తొందరపడేవాళ్ళు ఆ ఖాళీ ఇళ్ళకు కూడా డబ్బు తగలేస్తారు.

ప్రహరీ పొడుగునా తెరుచుకున్నవి పెద్ద కలుగులు. నోరు మూడు నాలుగు అంగుళాలు, ముందర బుట్టెడు పొడిమట్టి. అది చిన్న పందికొక్కు పని. శాస్త్రవేత్తలు లెస్సర్ బాండికూట్ అనేది దీన్నే. పావుకిలో దాకా తూగుతుంది, వరికంకులు కోసుకొచ్చి కలుగులో దాచుకుంటుంది, గోడల కింద తవ్వి పునాది గుల్ల చేస్తుంది.

కొబ్బరి పిందెల చిల్లు తొడిమకు దగ్గరగా, గుండ్రంగా ఉంది. అది చెట్లెక్కే నల్ల ఎలుక కొరుకుడు. ఆ ఎలుక మామూలుగా నేలమీద కలుగులో ఉండదు. కింద కలుగుల్లో ఎంత మందు పెట్టినా దానికి పెద్దగా అందదు. స్టోరు గుమ్మంలో ముగ్గుమీద పడిన చిట్టి అడుగులు, బస్తా వెనక బియ్యపుగింజ కన్నా చిన్నవైన నల్లటి పెంటికలు ఇంటి చిట్టెలుకవి.

ఇక కాయగూరల మళ్ళు. బెండ మడి గట్టుమీద ఐదు రూపాయల బిళ్ళ మాత్రమే పట్టేంత కలుగు. దాని ముందు మట్టి కుప్ప కాదు, ఆవగింజల్లాంటి సన్నటి మట్టి ఉండలు నాలుగు వేళ్ళ మేర పరిచినట్టు ఉన్నాయి. పక్కనే వేరుశనగ పొట్టు, తుంగగింజల ఊక, పెంకుపురుగు రెక్కల తునకలు. మర్నాటి రాత్రి చిన్న బోనులో అది పడింది. పది గ్రాములకు అటూఇటూ ఉండే ప్రాణి. వీపు గోధుమరంగు, పొట్ట తెల్లగా మెరుస్తోంది, ఆ రెండు రంగుల మధ్య గీత గీసినట్టు స్పష్టంగా ఉంది. ఇంటి చిట్టెలుక పొట్ట ఇంత తెల్లగా ఉండదు. బోను కమ్మీ పట్టుకుని నిలబడి, మీసాలు ఆగకుండా కదుపుతోంది. ఇది పొలం చిట్టెలుక. మస్ బూడుగా అని దాని శాస్త్రీయ నామం. ఇళ్ళలోకి రావడం దీనికి అలవాటు లేదు. గట్లమీద, గడ్డిలో, గింజా పురుగూ తిని బతుకుతుంది. వేరుశనగ, దోస గింజలు తిన్నది ఇదే, కాదనను. ఆ మడిలో కలుపు గింజల్ని, పురుగుల్ని తిన్నదీ ఇదే.

ఇంకో బోనులో చుంచు పడింది. పొడుగాటి మూతి, ఉన్నాయా లేవా అన్నంత చిన్న కళ్ళు, చేతికి అంటితే వదలని కస్తూరి వాసన. ఇది ఎలుక జాతే కాదు. బొద్దింకలూ పురుగులూ తినే ప్రాణి. చాలా ఇళ్ళలో ఎలుకల లెక్కలో పడి చచ్చిపోయేది ఇదే. అక్కడే వదిలేశాం.

ఒక్క పేరు కింద ఇన్ని జంతువులు తేలాయి. గోడకు హాని చేసేది ఒకటి, కొబ్బరికి ఇంకొకటి, బియ్యానికి మరొకటి. మళ్ళలో ఉన్న దానితో కలిసి బతకొచ్చు, చుంచుతో బతకాల్సిందే.

కేకు మందు ఎందుకు వద్దన్నాను

ఆ పొట్లాల్లో ఉన్నది బ్రోమాడయోలోన్. తిన్న ఎలుక వెంటనే చావదు. నెత్తురు గడ్డకట్టే గుణం పోయి, లోపల నెత్తురు కారి, నాలుగైదు రోజులు ఆగి చస్తుంది. ఆ నాలుగైదు రోజులూ అది మత్తుగా, పగలు కూడా బయట తిరుగుతుంటుంది. గుడ్లగూబకు, పిల్లికి, జెర్రిపోతుకు అంత సులువైన వేట ఇంకోటి దొరకదు. మందు దానితోపాటు వాటి ఒంట్లోకి పోతుంది. ఈ ఇంటి వేపచెట్టు తొర్రలో చిన్న గుడ్లగూబల జంట ఉంది. రాత్రంతా పురుగుల్నీ చిట్టెలుకల్నీ పట్టి పిల్లలకు పెట్టే జంట అది. ఎలుకల మీద కోపంతో వాటిని చంపుకుంటే వచ్చే ఏడాది ఎలుకలు ఇంకా ఎక్కువవుతాయి. చిట్టెలుక దాదాపు మూడు వారాల్లో ఈనుతుంది, ఈతకు ఐదారు పిల్లలు. గుడ్లగూబ ఏడాదికి ఒకటి రెండుసార్లే గుడ్లు పొదుగుతుంది. ఈ పరుగులో మనం ఎవరి పక్షాన ఉండాలో వేరే చెప్పక్కర్లేదు.

జింక్ ఫాస్ఫైడ్ సంగతి ఇంకా ఘోరం. నూటికి 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు మందు కలిపి పెట్టడం పొలాల్లో ఉన్న పద్ధతి. కడుపులోకి పోగానే ఫాస్ఫీన్ వాయువు పుడుతుంది, దానికి విరుగుడు లేదు. కోళ్ళు తిరిగే పెరట్లో, ఆరేళ్ళ పిల్లాడు వచ్చే ఇంట్లో దాని పేరెత్తడానికే నేను ఒప్పుకోను. జిగురు అట్టలు కూడా వద్దన్నాను. బల్లి, చుంచు, పిచ్చుక ఏదైనా అందులో పడి గంటల తరబడి విలవిల్లాడుతుంది.

పట్టి దూరంగా వదిలేద్దామా అని మాస్టారు అడిగారు. కొత్త చోట దానికి కలుగు తెలీదు, తిండి ఎక్కడుందో తెలీదు. చాలావరకు బతకవు. ఇక్కడ ఖాళీ అయిన కలుగులోకి పొలం నుంచి ఇంకోటి వస్తుంది. అందుకని పొలం చిట్టెలుకను పట్టడం మానేసి, ఇంటికీ దానికీ మధ్య గీత గీయడమే పనిగా పెట్టుకున్నాం.

చేసిన పని

ముందు తిండి. ఎలుకలు వచ్చింది కాయగూరల కోసం కాదు. ఆమె రోజూ సాయంత్రం కోళ్ళకు నూకలు, తవుడు నేలమీద చల్లేవారు. కోళ్ళు పొద్దుగూకితే గూడెక్కుతాయి. మిగిలింది రాత్రంతా అక్కడే ఉంటుంది. తోటలోని ముగ్గు దారులన్నీ ఆ గూటి దగ్గరికే చేరాయి. మేత పొద్దుటికి మార్చాం. మట్టిమీద కాకుండా వెడల్పాటి తొట్టిలో పెట్టి, నాలుగింటికల్లా మిగిలింది తీసేయాలి. ఇది చెప్పడం తేలిక, పాటించడం కష్టం. ముప్పై ఏళ్ళ అలవాటు మార్చుకోమంటున్నాం కదా. ఆమె మార్చుకున్నారు. ఈ కేసులో సగం ఫలితం ఆ ఒక్క పనిదే అని నా నమ్మకం.

తర్వాత ఇల్లు. మామూలు పెన్సిల్ దూరే సందు చిట్టెలుకకు చాలు. స్టోరు తలుపు కింద రేకు పట్టీ కొట్టించాం. నీళ్ళు పోయే తూముకు, వెంటిలేటరుకు పావు అంగుళం కన్నుల ఇనుప జాలీ బిగించాం. ప్లాస్టిక్ దోమతెర పనికిరాదు, రాత్రికి రాత్రే కొరికేస్తాయి. బియ్యం బస్తాల్లోంచి రేకు డ్రమ్ముల్లోకి మారింది. లోపల అప్పటికే ఉన్న ఇంటి చిట్టెలుకలకు స్ప్రింగు బోన్లు పెట్టాం. అవి గోడ పక్కనే పరిగెడతాయి కాబట్టి బోను నోరు గోడవైపు ఉండేట్టు పెట్టాలి. ఎరగా కాల్చిన ఎండుచేప ముక్క. ఇక్కడ చంపాం. తిండి ఉన్న గదిలో వాటితో సర్దుబాటు కుదరదు, ఆ మాట మాస్టారికి సూటిగానే చెప్పాను.

ఇంటి చుట్టూ మూడడుగుల మేర గడ్డి తీయించి కంకర పోయించాం. చిట్టెలుకకు బట్టబయలు అంటే భయం. పైనుంచి రెక్క పడుతుందని దానికి తెలుసు. గోడకు ఆనించి ఉన్న వరిగడ్డి వామిని తూర్పు మూలకు మార్చి, బండలమీద ఎత్తుగా వేయించాం. కొబ్బరిచెట్లకు ఆరడుగుల ఎత్తున, మూరెడు వెడల్పున రేకు చుట్టించి, పక్కచెట్టు కొమ్మలు తగలకుండా కొట్టించాం. కొబ్బరి గొడవ అంతటితో తీరింది.

పందికొక్కులకు మాత్రం చేయి తిరిగిన మనిషి కావాల్సి వచ్చింది. మా వైపు వరిపొలాల్లో ఎలుకలు పట్టడంలో యానాదుల నేర్పు తరతరాలది. పక్క ఊరి నుంచి వచ్చిన ఒకాయన కలుగుల్ని చూస్తూ గోడ వెంట ఒకసారి అటూఇటూ నడిచాడు. పెద్ద మట్టి కుప్ప దగ్గర ఆగలేదు. దానికి ఐదారు అడుగుల దూరంలో, నాకు మామూలు నేలలా కనబడిన చోట మడమతో నొక్కాడు. పైపొర లోపలికి కుంగింది. "తప్పించుకునే దారి ఇదన్నా. లోపల్నుంచి మన్ను పలచగా కప్పి పెట్టుకుంటది. ముందు దీన్ని మూయాల" అన్నాడు. అలాంటివి ఒక్కొక్కటే వెతికి రాళ్ళతో బిగించి, చివరికి పెద్ద నోటి దగ్గర తవ్వాడు. మూడడుగుల లోపల ఒక అర, నిండా వరికంకులు. పొలం యజమాని చూసి ఉంటే ఏడ్చేవాడు. ఆయన నేర్పుకు తగ్గ కూలి ఇప్పించాం. బేరమాడితే నేను ఊరుకునేవాణ్ణి కాదు. తవ్విన గుంతల్ని రాళ్ళు, గాజుపెంకులు కలిపిన కాంక్రీటుతో పూడ్చి, గోడ వెంట అడుగు లోతున జాలీ పాతించాం. జాలీ కింది అంచు బయటికి మడిచి ఉండాలి. తవ్వుతూ వచ్చిన పందికొక్కు ఆ మడత దగ్గర ఆగిపోతుంది.

చిట్టెలుకల వాటా

పడమటి కంచె వెంట పదడుగుల వెడల్పు పట్టీని అలాగే వదిలేశాం. గరిక, తుంగ పెరగనిచ్చాం. కత్తిరించిన కొమ్మలు, ఎండాకులు అక్కడే కుప్ప వేయమన్నాం. పొలం నుంచి వచ్చిన చిట్టెలుకకు గింజా, నీడా అక్కడే దొరికితే లోపలికి రావాల్సిన పని తగ్గుతుంది. ఆ పట్టీకి ఇవతల రెండు టీ ఆకారపు కర్రలు నాటాం. వరిలో పక్షి స్థావరాలని పెట్టిస్తాం కదా, అవే. రాత్రి గుడ్లగూబలు వాటిమీద వాలుతాయి.

గుడ్లగూబ మాట ఎత్తగానే ఆమె ముఖం మారింది. ఇంటి దగ్గర గుడ్లగూబ కూస్తే అరిష్టమని ఆమె భయం. ఆ జంటను తరిమేయించాలని అంతకుముందే అనుకున్నారట. నేను వాదించలేదు. వేపచెట్టు కింద రాలిన ఉండల్ని తెచ్చి నీళ్ళలో నానబెట్టి విప్పి చూపించాను. అరగని బొచ్చు, ఎముకలు, పురుగుల పెంకులు కలిసిన ఉండలు అవి. ఒకదాంట్లో చిట్టెలుక దవడ, పళ్ళతో సహా బయటపడింది. ఆమె దాన్ని అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశారు. తొర్ర జోలికి మళ్ళీ ఎవరూ పోలేదు.

గింజల విషయంలో పద్ధతే మార్చాం. దోస, సొర, బీర గింజలు ట్రేలలో మొలిపించి, రెండు మూడు ఆకులొచ్చాక నాటుతున్నారు. మొలక వచ్చాక చిట్టెలుకకు గింజ రుచి ఉండదు. వేరుశనగను అలా నాటలేం. విత్తిన మడిమీద జాలీ పరిచి అంచులు మట్టిలో తొక్కి, మొలకలు ఆకు విప్పాక తీసేస్తున్నారు. కాయ ఊరే వేళకు మళ్ళీ కొంత పోతోంది. ఆ నష్టాన్ని వాళ్ళు ఒప్పుకున్నారు. అమ్ముకునే పంట అయితే నా సలహా వేరేగా ఉండేది. పెరట్లో ఉడకబెట్టుకు తినే వేరుశనగ కాబట్టి సరిపోయింది.

పాములు, జ్వరాలు

ఆమె మొదటి భయం పాములు. అది ఉత్త భయం కాదు. రక్తపింజర ఎలుకల కోసమే పొలాల్లో, గడ్డిలో తిరుగుతుంది. తోటలో ఎలుకలుండగా పాము రాదని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. మనం చేయగలిగింది దాన్ని ఇంటికి దూరంగా ఉంచడం. కంకర పట్టీ, వామిని జరపడం, కోళ్ళ మేత మార్చడం అన్నీ దానికీ పనికొస్తాయి. పడమటి పట్టీలోకి మనవడు అడుగుపెట్టకుండా నడుమెత్తు దడి కట్టించాం. చీకటి పడ్డాక టార్చి, కాళ్ళకు బూట్లు లేకుండా తోటలోకి దిగకూడదన్నది ఇప్పుడు ఆ ఇంటి నియమం. కాటు పడితే కోయడం, కట్టు బిగించడం, నాటుమందు ఏవీ వద్దు. కాలు కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, యాంటీవీనం ఉన్న ఆసుపత్రికే పోవాలి. మన దేశంలో దొరికే యాంటీవీనం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర ఈ నాలుగింటికీ పనిచేస్తుంది.

మే నెలలో పడమటి కంచె దగ్గర పొడుగాటి పాము కనబడిందని ఫోన్ వచ్చింది. ఫోటోలో జెర్రిపోతు. విషం లేదు, ఎలుకలే దాని తిండి. ఆమెకు టెన్షన్ తగ్గలేదు గానీ కర్ర తీసుకున్నవాళ్ళను ఆపింది ఆమే.

జ్వరాల సంగతి పాముల కంటే తక్కువ పట్టించుకుంటారు, నాకు దిగులు అక్కడే. ఎలుక మూత్రం కలిసిన బురదనీళ్ళు కాలి పగుళ్ళకు తగిలితే లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం రావచ్చు. ఎలుకల ఒంటిమీద, పొదల్లో ఉండే చిగ్గర్ పురుగు కుడితే స్క్రబ్ టైఫస్. కుట్టిన చోట సిగరెట్ కాల్చినట్టు నల్లటి మచ్చ కనబడొచ్చు. తోటపని చేసేవాళ్ళకు జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తే డాక్టరుకు తోట సంగతి, ఎలుకల సంగతి తప్పకుండా చెప్పాలి. స్టోరులో పెంటికల్ని పొడి చీపురుతో ఊడవకూడదు. బ్లీచింగ్ నీళ్ళు చల్లి, కాసేపాగి, చేతొడుగులు వేసుకుని తడిగుడ్డతో ఎత్తాలి.

తర్వాత

ఆ వేసవిలో కాలువకు నీళ్ళొచ్చాయి, పొలంలో ఎడగారు వరి వేశారు. పైరు లేవగానే చిట్టెలుకల్లో చాలావరకు పొలంలోకి తిరిగి వెళ్ళాయి. పట్టీలో తెరుచుకునే కలుగులు బాగా తగ్గాయి. అసలు పరీక్ష నవంబరులో వచ్చింది. మన జిల్లాకు వానలంటే ఈశాన్య రుతుపవనాలే కదా. వాయుగుండం పట్టి గట్లు మునిగాయి. కలుగుల్లోకి నీళ్ళు చేరేసరికి అన్నీ మెరకకు ఎక్కాయి. కంపోస్టు గుంతలో గూళ్ళు కట్టాయి, రెండు మూడు వసారా దాకా వచ్చాయి. స్టోరులోకి ఒక్కటీ పోలేదు. తలుపు పట్టీ, జాలీ నిలబడ్డాయి. ఆ తర్వాత కంపోస్టు అడుగున కూడా జాలీ వేయించాం. పట్టీ మధ్యలో రెండడుగుల ఎత్తు మట్టిదిబ్బ పోయించాం, వానల్లో వాటికి అదే మెరక. అక్టోబరు మొదట్లోనే జాలీలన్నీ ఒకసారి తడిమి చూసుకోవాలని మాస్టారు క్యాలెండరులో రాసుకున్నారు.

ప్రహరీ నెర్రె పెరగలేదు. పందికొక్కు కలుగు ఉత్తరం వైపు ఒకటి మళ్ళీ మొదలైంది, కానీ జాలీ దగ్గర ఆగిపోయింది. అది పక్కింటి గొడ్లచావిడి నుంచి వస్తోంది. అక్కడ దాణా బస్తాలు నేలమీదే ఉంటాయి, కేకు మందు నెలనెలా పెడతారు. చచ్చిన ఎలుకను అక్కడే పడేయకుండా లోతుగా పాతిపెట్టడానికి వాళ్ళు ఒప్పుకున్నారు. మందు మానేసి దాణాను రేకు పెట్టెల్లోకి మార్చే మాట ఇంకా తేలలేదు. ఈ మార్చి కోతలకు ముందే మాస్టారు, నేను కలిసి వాళ్ళతో మళ్ళీ మాట్లాడబోతున్నాం.